బురదలో పియానో, దొంగ అడుగున్న బ్యాలెట్ బాక్స్: బంగారం రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎలా నడిచింది

1849 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వానలు దంచి కొట్టాయి. ఊళ్ళో ఒక్క రోడ్డు కూడా రాయి వేసింది కాదు, మొత్తం ఇసక, బంకమట్టి, దాని మీద రోజుకి వందల బండ్లు, దాంతో మోంట్‌గోమరీ స్ట్రీట్ మొత్తం ఊబి అయిపోయింది. గుర్రాలు, గాడిదలు దిగబడిపోయి అక్కడే చచ్చిపోయేవి. క్లే స్ట్రీట్, కియర్నీ స్ట్రీట్ కలిసే మూల మీద ఎవరో బోర్డు కూడా పెట్టారంట, ఈ దారిన బండి సంగతి దేవుడెరుగు గాడిద కూడా పోలేదు అని. మరి మనుషులు నడవాలి కదా, అందుకని ఫుట్‌పాత్ వేసుకున్నారు. రాళ్ళతో కాదు, చెక్కతో అసలే కాదు, చెక్క అప్పుడు బంగారం లెక్క. చిలీ నుంచి వచ్చిన గోధుమపిండి బస్తాలు వరసగా పరిచారు, అవి అయిపోయిన చోట ఇనప వంట పొయ్యిలు, ఆ తర్వాత పొగాకు పెట్టెలు, మధ్యలో ఎక్కడో ఒక గ్యాప్ మిగిలితే అందులో ఒక పియానో.

ఇది వినగానే డబ్బెక్కువై చేసిన పిచ్చిపని అనిపిస్తుంది కానీ నిజానికి ఇందులో పక్కా వ్యాపార లెక్క ఉంది, ఆ లెక్క అర్థమైతే ఈ ఊరి రాజకీయం కూడా సగం అర్థమైపోతుంది. న్యూయార్క్ నుంచో బోస్టన్ నుంచో సరుకు ఓడ దక్షిణ అమెరికా కొస, అదే కేప్ హార్న్, చుట్టి రావడానికి ఐదారు నెలలు పట్టేది. ఇక్కడ పొయ్యిలకి మంచి రేటు ఉందని ఉత్తరం అటు వెళ్ళడానికి నెల పైన, అక్కడ సరుకు లోడ్ చేసి పంపడానికి ఇంకో ఆర్నెల్లు, ఆ ఉత్తరం చదివినవాడు ఒక్కడే కాదు కదా, తూర్పు తీరంలో ప్రతి షావుకారూ అదే సరుకు పంపేవాడు, అన్నీ ఒకేసారి వచ్చి దిగేవి, దిగిన రోజున ఆ సరుకు రేటు పాతాళానికి. సరే దాచి తర్వాత అమ్ముకుందాం అంటే గోడౌన్ అద్దె సరుకు ఖరీదు కంటే ఎక్కువ, అప్పు మీద వడ్డీ నెలకి (ఏడాదికి కాదు, నెలకి) పది శాతం. అందుకని పడేయడమే చౌక. పియానో బురదలోకి వెళ్ళింది అలాగ.

ఈ ఊళ్ళో ఎవరికీ దేన్నీ దాచుకునే టైం లేదు. ఎందుకంటే అక్కడికి ఉండిపోవడానికి వచ్చినవాడు దాదాపు ఎవడూ లేడు. ఏడాదో రెండేళ్ళో ఉండి, నాలుగు డబ్బులు చేసుకుని, ఇంటికి వెళ్ళిపోదాం అన్నది అందరి ప్లాన్. అలాంటి ఊళ్ళో మురిక్కాలవ ఎవరు తవ్వుతారు, పోలీసుని ఎవరు పెడతారు, కౌన్సిల్ మీటింగ్‌కి ఎవరు వెళ్ళి కూర్చుంటారు? జవాబు ఏంటంటే, అందులో ఏదో ఒకటి మిగిలేవాడే వెళ్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కో మొదటి ఎనిమిదేళ్ళ రాజకీయం మొత్తం ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది.

కొంచెం వెనక్కి వెళ్తే, 1846 దాకా ఇది మెక్సికో చేతిలో ఉన్న యెర్బా బ్వెనా అనే చిన్న పల్లె. అమెరికా వాళ్ళు యుద్ధంలో పట్టుకున్నాక 1847 జనవరిలో అక్కడి అల్కాల్దే (మెక్సికన్ పద్ధతిలో మేయరూ జడ్జీ రెండూ ఆయనే) వాషింగ్టన్ బార్ట్‌లెట్ పేరు మార్చి శాన్‌ఫ్రాన్సిస్కో చేసాడు. అప్పటికి జనం ఐదొందల లోపే. 1848 జనవరి 24న కొలోమా దగ్గర సట్టర్ రంపపు మిల్లు కాలవలో జేమ్స్ మార్షల్‌కి బంగారం కనపడింది, కానీ ఊళ్ళో జనం మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసినవాడు శామ్ బ్రానన్ అనే పేపర్ ఓనరు. ఈయనకి సట్టర్ కోట దగ్గర ఒక కిరాణా కొట్టు కూడా ఉంది. ముందు పారలు, పళ్ళాలు దొరికినన్ని కొని కొట్లో పెట్టుకుని, మే నెలలో బంగారు పొడి ఉన్న సీసా ఊపుకుంటూ వీధుల్లో బంగారం బంగారం అని అరుచుకుంటూ తిరిగాడు. ఇరవై సెంట్ల పళ్ళెం పదిహేను డాలర్లకి అమ్మాడని చెప్తారు. ఊరు ఊరంతా గనులకి పరిగెత్తింది, ఆయన పేపర్ కూడా పనిచేసేవాళ్ళు లేక మూతపడింది. తవ్వినవాడి కంటే పార అమ్మినవాడే బాగుపడతాడు అన్న మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, నీతి గురించి మాట్లాడాల్సిన ప్రతిచోటా ఈయనే ముందుంటాడు.

1848 డిసెంబర్‌లో ప్రెసిడెంట్ పోక్ కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో బంగారం మాట నిజమే అని చెప్పాక ప్రపంచం మీదపడింది. 1849 ఆఖరికి ఊళ్ళో పాతికవేల మంది దాకా ఉన్నారు. మూడేళ్ళలో ఐదొందల నుంచి పాతికవేలు. న్యూయార్క్ వాళ్ళు, చిలీ వాళ్ళు, సిడ్నీ నుంచి వచ్చినవాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు, కాంటన్ వైపు నుంచి చైనా వాళ్ళు, దాదాపు అంతా కుర్రాళ్ళు, అంతా మగవాళ్ళు. 1850 జనాభా లెక్కల్లో కాలిఫోర్నియా మొత్తం మీద నూటికి తొంభైమంది పైగా మగవాళ్ళే, ఇక ఊళ్ళో ఆ టైంలో జనాభా లెక్కల కాగితాలే కాలిపోయాయి, ఆ కథ తర్వాత.

వచ్చిన ఓడల సంగతి ఇంకో విచిత్రం. లంగరు వేయగానే ప్రయాణికులతో పాటు నావికులు కూడా గనులకి పారిపోయేవాళ్ళు, కొన్నిసార్లు కెప్టెనే ముందు. వందల ఓడలు యెర్బా బ్వెనా కోవ్‌లో తెరచాపలు లేని కర్రల అడవిలా నిలబడిపోయాయి. ఊళ్ళో బిల్డింగులు లేవు, నీళ్ళలో ఓడలు ఖాళీగా ఉన్నాయి, ఇంకేం. నయాంటిక్ అనే తిమింగలాల వేట ఓడని ఒడ్డుకి లాగి గోడౌన్ చేసారు, తర్వాత అది హోటల్ అయింది. అపోలో అనేది సారాకొట్టు అయింది. యుఫేమియా అనే దాన్ని సిటీయే కొని జైలు చేసింది. ఆ ఊరి కౌన్సిల్ కొన్న మొదటి పెద్ద ఆస్తుల్లో ఒకటి ఈ పాత ఓడ జైలు.

దీని వెనకే భూముల దందా మొదలు. 1847లోనే మిలిటరీ గవర్నర్ కియర్నీ ఒడ్డున ఉన్న స్థలాలు, నీళ్ళలో ఉన్న ప్లాట్లు ఊరికి రాసిచ్చేసి వేలం వేసుకోమన్నాడు. నీళ్ళలో ప్లాటా అంటే అవును, పోటు వచ్చినప్పుడు మునిగి అది తగ్గినప్పుడు తేలే నేల, కొన్నయితే ఎప్పుడూ మునిగే ఉండేవి. కొన్నవాడు దాన్ని పూడ్చుకుని తనది చేసుకోవాలి. కొంతమంది ఏం చేసేవాళ్ళంటే రాత్రికి రాత్రి ఒక పాత ఓడని తీసుకొచ్చి తమ ప్లాట్ మీద ముంచేసేవాళ్ళు, తెల్లారేసరికి కబ్జా అయిపోయేది, తర్వాత చుట్టూ ఇసక పోయించడమే. చెరువులో రాత్రికి రాత్రి మట్టి లారీలు దింపి ప్లాట్లు చేయడం చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఇప్పటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో చాలా భాగం ఆ పూడ్చిన నీళ్ళ మీదే ఉంది. 1978లో క్లే, సాన్సమ్ వీధుల మూల తవ్వితే నయాంటిక్ అడుగుభాగం బయటపడింది, 2001లో ఇంకొంచెం అవతల జనరల్ హారిసన్ దొరికింది. 1994లో మ్యూనీ అనే సిటీ రైలుకి టన్నెల్ తవ్వుతుంటే రోమ్ అనే ఓడ అడ్డొచ్చింది, టన్నెల్ దాని లోంచే పోయింది. ఎంబార్కడెరో దగ్గర రైలెక్కే జనంలో ఫోన్‌లో తెలుగులో మాట్లాడుకుంటూ ఆఫీసుకెళ్ళే మన కుర్రాళ్ళు కూడా ఉంటారు కదా, వాళ్ళు రోజూ ఆ ఓడ కడుపులోంచి వెళ్తున్నట్టే.

రోజువారీ బతుకు ఎలా ఉండేదంటే, ఇల్లు అన్న మాటే లేదు. గుడారం, చెక్క గది, లేదంటే బోర్డింగ్ హౌస్‌లో గోడకి అరల్లా కొట్టిన మంచాలు. వంట చేసుకునేవాడు తక్కువ, అందరూ బయటే తినేవాళ్ళు, పసుపు జెండా కట్టిన చైనా వాళ్ళ హోటళ్ళలో ఒక డాలర్ ఇస్తే కడుపునిండా పెట్టేవాళ్ళు, అప్పట్లో అది చౌక కింద లెక్క. బట్టలు ఉతికించుకోవడం మాత్రం చౌక కాదు. డజను చొక్కాలకి ఎనిమిది డాలర్లు, అందుకని కొంతమంది మాసిన బట్టలు మూటగట్టి ఓడ మీద హవాయికో కాంటన్‌కో పంపేవాళ్ళు, రెండు మూడు నెలలకి ఇస్త్రీ అయి వచ్చేవి. మిగతావాళ్ళకి ఊరి అంచున ఒక మడుగు ఉండేది, చాకిరేవు, దాని పేరే వాషర్‌వుమన్స్ లగూన్. తర్వాత చైనా వాళ్ళు ఊళ్ళోనే లాండ్రీలు పెట్టాక రేట్లు దిగాయి.

గుడ్ల కథ ఇంకా బాగుంటుంది. కోళ్ళు లేవు, ఒక్కో కోడిగుడ్డు ఒక డాలర్. ముప్ఫై మైళ్ళ అవతల సముద్రంలో ఫారలాన్ దీవులు ఉన్నాయి, ఒట్టి రాళ్ళు, వాటి మీద మర్ అనే సముద్రపక్షులు లక్షల్లో గుడ్లు పెడతాయి. పడవ వేసుకెళ్ళి చొక్కా లోపల నింపుకుని తెచ్చి డజను ఒక డాలర్‌కి అమ్మారు. ఆ గుడ్డు ఒకవైపు బాగా మొనదేలి ఉంటుంది, రాయి మీద దొర్లినా పడిపోకుండా గుండ్రంగా తిరుగుతుంది. పెనం మీద వేస్తే తెల్లసొన తెల్లబడదు, గాజులా ఉండిపోతుంది, పచ్చసొన ఎర్రగా ఉంటుంది, నిలవున్న గుడ్డయితే చేపకంపు. అయినా తిన్నారు. దీని మీద కంపెనీ పుట్టింది, ఆ దీవుల హక్కు కోసం 1863లో తుపాకులతో కొట్టుకున్నారు కూడా.

డబ్బు అంటే బంగారు పొడి. ఔన్సు పదహారు డాలర్లు లెక్క, చిల్లర అయితే సారాకొట్టు వాడు సంచిలో వేళ్ళు పెట్టి ఒక చిటికెడు తీసుకుంటే ఒక డాలర్. లావు బొటనవేలున్నవాడికే ఉద్యోగం అని జోకు.

ఉత్తరాల కోసం పడిన పాట్లు చూస్తే ఈ ఊరి మనసు ఎక్కడుందో తెలుస్తుంది. మెయిల్ స్టీమర్ (ఉత్తరాలు తెచ్చే పొగ ఓడ) మొదట్లో నెలకి ఒకటి, తర్వాత నెలకి రెండు. టెలిగ్రాఫ్ హిల్ మీద ఒక కర్ర స్తంభం, దానికి రెండు చేతుల్లాంటి పలకలు, ఎలాంటి ఓడ వస్తుందో దాన్ని బట్టి చేతులు తిప్పేవాళ్ళు. ఊళ్ళో ప్రతి ఒక్కడికీ ఆ గుర్తులు కంఠతా. ఒకసారి నాటకంలో నటుడు రెండు చేతులూ బారచాపి దీనర్థమేమిటి అని డైలాగ్ కొడితే, గ్యాలరీలోంచి ఒకడు సైడ్‌వీల్ స్టీమర్ (రెండు పక్కలా చక్రాలున్న పొగ ఓడ) అని అరిచాడంట, హాలు హాలంతా పడి పడి నవ్వారని చెప్తారు. స్టీమర్ వచ్చిందంటే పోస్టాఫీసు ముందు క్యూ వీధులు దాటేది, రాత్రంతా నిలబడేవాళ్ళు, ఉత్తరమే రాని వాళ్ళు కూడా ముందు నిలబడి ఆ చోటుని అమ్ముకునేవాళ్ళు. స్టీమర్ తిరిగి వెళ్ళే ముందు రోజు ఇంకో హడావిడి, ఊరంతా అప్పులు వసూలు చేసుకుని తూర్పుకి బంగారం పంపాలి. బాకీ గడువులు కూడా నెల తారీకులు కాదు, స్టీమర్ డే చూసుకుని పెట్టుకునేవాళ్ళు. మనిషి ఇక్కడ, ఇల్లు అక్కడ, మధ్యలో ఆ పొగ ఓడ.

ఇలాంటి ఊరికి గవర్నమెంట్ ఏంటి అంటే, 1849 మొదట్లో ఒక దశలో ఒకదాన్నొకటి ఒప్పుకోని కౌన్సిళ్ళు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. మెక్సికో చట్టమా, అమెరికా చట్టమా, మిలిటరీ గవర్నర్ మాటా అన్నది ఎవరికీ క్లారిటీ లేదు. ఆగస్టులో అల్కాల్దే అయిన జాన్ గేరీ కౌన్సిల్‌కి చెప్పిన మొదటి విషయం ఏంటంటే, ఖజానాలో ఒక్క డాలర్ లేదు, ఆఫీసు లేదు, పోలీసు లేదు, ఖైదీని పెట్టడానికి గది లేదు అని. అంతకు ముందు నెలలోనే హౌండ్స్ అని మెక్సికో యుద్ధం నుంచి మిగిలిపోయిన సైనికుల ముఠా టెలిగ్రాఫ్ హిల్ కింద చిలీ వాళ్ళ గుడారాల మీద పడి దోచి, కొట్టి, కాల్చింది. పోలీసు లేడు కాబట్టి మర్నాడు బ్రానన్ జనాన్ని పోగేసి చందాలు వసూలు చేసి రెండొందల పైచిలుకు వాలంటీర్లతో వాళ్ళని పట్టించాడు. విచారణ జరిగింది, శిక్షలు వేసారు, కానీ ఉంచడానికి జైలు లేదు కాబట్టి శిక్షలు పెద్దగా అమలు కాలేదు. ఓడ జైలు కొన్నది ఆ తర్వాతే. ఇక్కడ గమనించాల్సింది చిలీ వాళ్ళని కాపాడిన ఊరే ఇది, మరుసటి ఏడాది ఇదే కాలిఫోర్నియా అసెంబ్లీ గనులు తవ్వే విదేశీయుల మీద నెలకి ఇరవై డాలర్ల పన్ను వేసింది. చిలీ, మెక్సికో వాళ్ళు చాలామంది గనులు వదిలేసి వెళ్ళిపోయారు, కొనేవాళ్ళు పోయేసరికి షావుకార్లే గోలపెట్టారు, 1851లో తీసేసారు, 1852లో మళ్ళీ మూడు డాలర్లతో పెట్టారు, ఈసారి దెబ్బ ముఖ్యంగా చైనా వాళ్ళకి. 1854లో రాష్ట్ర సుప్రీంకోర్టు పీపుల్ వర్సెస్ హాల్ కేసులో చైనా మనిషి తెల్లవాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకూడదు అని తేల్చింది, హత్య చూసిన సాక్షి చైనావాడైతే హంతకుడు ఇంటికి. ఈ ఊళ్ళో నేరాల గురించి తర్వాత అంత ఆవేశపడిన పెద్దమనుషుల్లో దీని మీద వీధిలోకి వచ్చినవాళ్ళు లేరు.

మంటల గురించి చెప్పుకోకుండా రాజకీయంలోకి వెళ్ళలేం, ఎందుకంటే రాజకీయం అక్కడి నుంచే పుట్టింది. గుడ్డ, చెక్క, దీపాల నూనె, సముద్రపు గాలి, పగలు రాత్రి తాగుడు. 1849 డిసెంబర్ 24 నుంచి 1851 జూన్ 22 దాకా ఏడాదిన్నరలో ఆరుసార్లు ఊరు పెద్ద ఎత్తున కాలింది. 1851 మే 3 రాత్రి మొదలైంది అన్నింటిలోకీ పెద్దది, పదిహేను వందల దాకా బిల్డింగులు పోయాయి. ఇనప బిల్డింగులు అయితే కాలవని నమ్మి కొంతమంది లోపల తలుపులేసుకున్నారు, వేడికి ఇనుము ఉబ్బి తలుపులు తెరుచుకోలేదు, లోపలే పోయారు. ఆ జనాభా లెక్కల కాగితాలు కూడా మంటల్లోనే పోయాయి. ఇన్నిసార్లు కాలినా నెల తిరక్కుండా మళ్ళీ కట్టేసేవాళ్ళు, సిటీ ముద్ర మీద ఫీనిక్స్ పక్షి వచ్చింది అందుకే.

మంటలార్పడానికి జీతం ఇచ్చే సిబ్బంది లేరు, వాలంటీర్ ఫైర్ కంపెనీలు పుట్టాయి. ఒక్కో కంపెనీకి ఒక ఇంజన్, ఒక యూనిఫాం, ఒక క్లబ్బు గది, ఒక పాట, పక్క కంపెనీతో ఒక గొడవ. మంట దగ్గరికి ఎవరు ముందు చేరతారు అని పోటీ, దారిలో కొట్లాట. ఇల్లూ వాకిలీ లేని కుర్రాళ్ళకి అదే కుటుంబం. మన దగ్గర వినాయక చవితి కమిటీల్లోంచి కార్పొరేటర్లు తయారైనట్టే ఇక్కడ ఫైర్ కంపెనీల్లోంచి లీడర్లు తయారయ్యారు. వాళ్ళలో పెద్దవాడు డేవిడ్ బ్రాడరిక్. రాళ్ళు చెక్కే మేస్త్రి కొడుకు, ఐరిష్ సంతతి, న్యూయార్క్‌లో సారాకొట్టు నడిపి అక్కడి టామనీ (వార్డు వార్డుకీ మనుషుల్ని పెట్టి ఎన్నికలు నడిపే పార్టీ ముఠా) రాజకీయాలు చూసి వచ్చాడు. ఇక్కడ కోలర్ అనే ఆయనతో కలిసి బంగారు నాణేలు పోసే వ్యాపారం పెట్టాడు, నాణెం మీద పది డాలర్లు అని ఉంటుంది, లోపల ఎనిమిది డాలర్ల బంగారమే ఉంటుంది, మిగతా రెండూ లాభం. చిల్లర లేక ఊరు అల్లాడుతుంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఆ డబ్బుతో భూములు కొన్నాడు, ఎంపైర్ ఇంజన్ కంపెనీకి నాయకుడయ్యాడు, న్యూయార్క్ పద్ధతిలో వార్డు వార్డుకీ మనుషుల్ని పెట్టాడు. ఆయన సొంతంగా లంచం తిన్నాడని గట్టిగా నిరూపించినవాళ్ళు లేరు, సారా ముట్టడు, పుస్తకాలు బాగా చదివేవాడు. ఆయన కింద ఉన్నవాళ్ళ సంగతి వేరు.

ఇక సిటీ డబ్బు ఎలా పోయిందో చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. 1850లో కొత్తగా గెలిచిన ఆల్డర్‌మెన్ (కౌన్సిల్ సభ్యులు) తమకి తాము ఏడాదికి ఆరువేల డాలర్లు జీతం రాసుకున్నారు, పైగా కాలిఫోర్నియాకి రాష్ట్రం హోదా వచ్చిన సందర్భంగా ఒక్కొక్కరికి బంగారు పతకం కూడా. జనం గోల చేస్తే తగ్గించుకున్నారు. 1852లో జెన్నీ లిండ్ థియేటర్‌ని సిటీ హాల్ చేస్తామని రెండు లక్షల డాలర్లకి కొన్నారు, అమ్మినవాడు టామ్ మగ్వైర్, బ్రాడరిక్ స్నేహితుడు, థియేటర్ సరిగ్గా నడవట్లేదు. ఇది అందరికీ తెలిసిన కుంభకోణం. కానీ దానికంటే ఘోరమైనది పీటర్ స్మిత్ బాకీ. ఈయన డాక్టరు, డబ్బుల్లేని రోగుల్ని చూస్తానని సిటీతో కాంట్రాక్ట్, తలకి రోజుకి నాలుగు డాలర్లు. సిటీ దగ్గర డబ్బుల్లేవు, నెలకి మూడు శాతం వడ్డీతో అప్పు కాగితాలు ఇచ్చుకుంటూ పోయింది. బాకీ అరవై వేల డాలర్లు దాటాక కోర్టుకెళ్ళాడు, గెలిచాడు, షెరిఫ్ సిటీ భూముల్ని వేలానికి పెట్టాడు. ఆ వేలం చెల్లదు ఎవరూ కొనకండి అని సిటీ వాళ్ళే ప్రచారం చేసారు, దాంతో పాడేవాళ్ళు తగ్గిపోయి లక్షల విలువైన నీళ్ళ ప్లాట్లు, రేవులు కారుచౌకగా పోయాయి. తర్వాత కోర్టులు ఆ అమ్మకాల్లో చాలావరకు చెల్లుతాయి అన్నాయి. ఒక ఆసుపత్రి బిల్లు కట్టలేక ఊరు తన సొంత ఒడ్డునే పోగొట్టుకుంది.

హెన్రీ మెగ్స్ ఇంకో రకం. ముద్దుపేరు హానెస్ట్ హ్యారీ. ఊరు ఉత్తరం వైపుకి పెరుగుతుందని నమ్మి అక్కడ పెద్ద రేవు కట్టాడు, ఊరేమో దక్షిణానికి పెరిగింది, అప్పులు తీరట్లేదు. సిటీ చెల్లింపు కాగితాలు ముందే సంతకాలు పెట్టి పుస్తకాలు పుస్తకాలుగా ఉంచేవాళ్ళు, వాటిని తీసుకుని అంకెలు వేసుకుని తాకట్టు పెట్టాడు. 1854 అక్టోబర్‌లో కుటుంబంతో సహా ఓడెక్కి చిలీ పారిపోయాడు, తర్వాత పెరూలో ఆండీస్ కొండల మీదకి రైలు మార్గాలు వేసి మహానుభావుడు అనిపించుకున్నాడు. ఇక్కడ మాత్రం ఆయన పోయిన నాలుగు నెలలకి, 1855 ఫిబ్రవరిలో పేజ్ బేకన్ బ్యాంకు మూతపడింది, ఒక్క రోజు తేడాతో ఆడమ్స్ కంపెనీ కూడా.

ఇక విజిలెన్స్ కమిటీల విషయం, అంటే చట్టాన్ని తమ చేతుల్లోకి తీసుకున్న ఊరి జనం కమిటీలు. 1851లో బ్రానన్ ముందుండి మొదటిది పెట్టారు, సిడ్నీ నుంచి వచ్చిన మాజీ ఖైదీలే మంటలు పెడుతున్నారు, దోచుకుంటున్నారు అని. జూన్ 10 రాత్రి జెంకిన్స్ అనేవాడు ఇనప్పెట్టె ఎత్తుకుని పడవలో పోతుంటే పట్టుకుని, అర్ధరాత్రి విచారణ చేసి, పోర్ట్స్‌మౌత్ స్క్వేర్‌లో ఉరి తీసారు. ఆ ఏడాది మొత్తం నలుగురు. అప్పుడు ఊళ్ళో భయం నిజమే, మే మంటలు అప్పుడే అయ్యాయి.

1856 అలా కాదు. అప్పటికి ఊళ్ళో కోర్టులున్నాయి, పోలీసులున్నారు, గ్యాస్ దీపాలున్నాయి, కుటుంబాలు కూడా వచ్చాయి. పోయింది వ్యాపారం. గనుల్లో పైపైన దొరికే బంగారం తగ్గింది, బ్యాంకులు పోయాయి, సిటీ పన్నులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి, ఆ పన్నులు బ్రాడరిక్ మనుషుల చేతిలోకి పోతున్నాయి. ఏడేళ్ళపాటు షావుకార్లు జ్యూరీ డ్యూటీ తప్పించుకున్నారు, వోటు వేయడానికి కొట్టు మూయడం నష్టం అనుకున్నారు. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్ళు బ్యాలెట్ బాక్సుకి దొంగ అడుగు, దొంగ గోడ పెట్టి ముందే వోట్లు నింపేవాళ్ళు. జేమ్స్ కేసీ అనేవాడు పోటీలో ఉన్నట్టు ఎవరికీ తెలియకుండానే సూపర్‌వైజర్‌గా (పాలక మండలి సభ్యుడిగా) గెలిచేసాడు. బులెటిన్ పేపర్ ఎడిటర్ జేమ్స్ కింగ్ (తన సొంతూళ్ళో జేమ్స్ కింగ్‌లు ఎక్కువైపోయారని ఆయన తండ్రి పేరు కలిపి జేమ్స్ కింగ్ ఆఫ్ విలియం అని పెట్టుకున్నాడు) కేసీ న్యూయార్క్ సింగ్ సింగ్ జైల్లో శిక్ష అనుభవించి వచ్చినవాడు అని రాసాడు. 1856 మే 14 సాయంత్రం కేసీ ఆయన్ని వీధిలో కాల్చాడు.

రెండు మూడు రోజుల్లో వేలమంది కమిటీలో చేరారు, చివరికి ఆరువేలు దాటారు. విలియం కోల్‌మన్ అనే షావుకారు నాయకుడు. శాక్రమెంటో స్ట్రీట్ లో ఒక గోడౌన్ ముందు ఇసక నింపిన గోనెబస్తాలు గోడలా పేర్చి, ఫిరంగులు పెట్టారు, జనం దాన్ని గోనెసంచుల కోట అన్నారు. మే 18 ఆదివారం సాయుధంగా జైలుకెళ్ళి కేసీని, అంతకు ముందు ఒక యూఎస్ మార్షల్‌ని (కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారిని) చంపిన చార్లెస్ కోరా అనే జూదగాణ్ణి తెచ్చుకున్నారు. కోరా మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. మే 22న ఒకపక్క ఎడిటర్ శవయాత్ర జరుగుతుంటే ఇంకోపక్క ఇద్దర్నీ ఉరేసారు, ఉరికి ముందు కోరా తనతో ఉంటున్న బెల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. కమిటీని ఆపడానికి గవర్నర్ జాన్సన్ మిలీషియా (రాష్ట్ర వాలంటీర్ సైన్యం) జనరల్‌గా పెట్టుకున్నది విలియం షెర్మన్‌ని, అప్పట్లో బ్యాంకు మేనేజరు, తర్వాత అంతర్యుద్ధంలో పేరు మోసిన జనరల్. ఆయుధాలు రాలేదు, రాజీనామా చేసి పోయాడు.

కమిటీ ఎవరెవర్ని పట్టుకుందో జాబితా చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ఉరితీసింది నలుగుర్ని, అంతా హత్య కేసులే. కానీ ఊరి నుంచి ఓడెక్కించి వెళ్ళగొట్టిన పాతికమంది పైచిలుకులో ఎక్కువమంది దొంగలు కాదు, హంతకులు కాదు, వార్డుల్లో బ్రాడరిక్ తరఫున ఎన్నికలు నడిపేవాళ్ళు, చాలామంది ఐరిష్ కాథలిక్కులు. కమిటీని తిట్టిన హెరాల్డ్ పేపర్‌కి షావుకార్లు ఒక్కరోజులో యాడ్స్ ఆపేసారు, కాపీలు వీధిలో తగలబెట్టారు, పేపర్ సైజే సగమైపోయింది. నేరాల మీద యుద్ధం అయితే పేపర్ మీద ఎందుకు? ఇది ముఖ్యంగా ఊరి తాళంచెవుల కోసం జరిగిన గొడవ, అలా అని బ్యాలెట్ బాక్సు అబద్ధమనీ కాదు, అది నిజమే. తేడా ఏంటంటే దాన్ని సరిచేయడానికి వోటు అనే దారి ఉన్నా ఏడేళ్ళు దానికి టైం ఇవ్వనివాళ్ళు మూడు నెలలు తుపాకీకి టైం ఇచ్చారు.

ఆగస్టు 18న ఊరేగింపు చేసి కమిటీ రద్దు చేసుకున్నారు, నవంబర్ ఎన్నికల్లో వాళ్ళే పీపుల్స్ పార్టీ పేరుతో గెలిచారు, పదేళ్ళ దాకా ఊరు వాళ్ళ చేతిలోనే ఉంది. అభ్యర్థుల్ని జనం ఎన్నుకునేది లేదు, కొద్దిమంది షావుకార్లు గదిలో కూర్చుని పేర్లు రాసేవాళ్ళు. 1855లో పాతిక లక్షల డాలర్లు దాటిన సిటీ ఖర్చు 1857కి మూడున్నర లక్షలకి దిగింది. దాన్ని నిజాయితీ అన్నారు, కొంత నిజమే, మిగతాది పన్ను కట్టేవాడు తన పన్ను తగ్గించుకోవడం.

బ్రాడరిక్‌ని కూడా వెళ్ళగొడదామా అని కమిటీలో ఆలోచన చేసారు, పిలిపించి ప్రశ్నలడిగారు కానీ ముట్టుకోలేకపోయారు. ఆయన మరుసటి ఏడాదే యూఎస్ సెనేటర్ అయ్యాడు, బానిసత్వాన్ని వ్యతిరేకించే వైపు నిలబడ్డాడు. 1856లో కమిటీ మనిషినొకణ్ణి కత్తితో పొడిచి వాళ్ళకి దొరికిపోయిన రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి డేవిడ్ టెర్రీని కూడా ఉరేసే ధైర్యం లేక అప్పట్లో వదిలేసారు. 1859 సెప్టెంబర్‌లో ఆ టెర్రీయే చీఫ్ జస్టిస్ పదవికి రాజీనామా ఇచ్చి వచ్చి లేక్ మెర్సెడ్ దగ్గర డ్యుయల్‌లో (ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కాల్చుకునే పోరు) బ్రాడరిక్‌ని కాల్చాడు, మూడో రోజు ఆయన పోయాడు. శవపేటికని పోర్ట్స్‌మౌత్ స్క్వేర్‌లో పెడితే వేలమంది వచ్చి నిలబడ్డారు, ఎనిమిదేళ్ళ ముందు అర్ధరాత్రి జెంకిన్స్‌ని ఉరితీసింది అదే స్క్వేర్‌లో.